మంచు చెక్కల ముసలయ్య

రోజూ పొద్దున్నే, గుల్లలు ఏరడానికి ఆడవాళ్ళు బురదలోకి దిగీ దిగగానే, ముసలయ్య ఏటిగట్టు మీద నిలబడి ఊళ్ళో లేని మనిషిని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టేవాడు.

"రత్నమాణిక్యం! ఓ రత్నమాణిక్యం!"

గుల్లలపేటలో ఆ పేరుగల మనిషి లేదు. చుట్టుపక్కల పేటల్లోనూ లేదు. పోయినవాళ్ళలో ఉందేమోనని పెద్దవాళ్ళు జ్ఞాపకం చేసుకుని చూశారు. అక్కడా లేదు. గట్టు దిగితే బురద, ఆపైన మడ చెట్లు, ఆపైన సముద్రం. అన్నిటినీ తెల్లటి మంచు కప్పేసి ఉండగా ఆ పిలుపు అందులోకి వెళ్ళి, ఎక్కడా తగలనట్టు పోయేది. ముసలయ్య అరచెయ్యి చెవికి ఆనించి కాసేపు వినేవాడు. మళ్ళీ పిలిచేవాడు. చివరి మనిషి గట్టెక్కే దాకా అదే పని.

"పెళ్ళాం కాదు, పిల్ల కాదు, ఎవత్తే అది?" అని గుల్లలేరడానికి వెళ్ళే అప్పాయమ్మని ఆమె అత్తగారు అచ్చాయమ్మ అడిగేది. "అది పలికిన రోజున ఆ దరిదాపుల్లో ఉండకు. చెక్కలు పారేసైనా సరే వచ్చెయ్యి."

"చెక్కలు పారేస్తే బాబాయ్ ఊరుకుంటాడేంటి అత్తా? దెయ్యమే నయం."

ఆ చెక్కల సంగతి చెప్పాలి. గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేని రోజులవి. ముసలయ్య పడవలు బాగుచేసే వడ్రంగి, ఆదివారం గుడి మానని మనిషి. మిషను బంగళా దొరగారు స్వదేశానికి వెళ్ళిపోతూ రెండు పొడుగాటి చెక్కలు ఆయన చేతిలో పెట్టి, "వీటిని కాళ్ళకు కట్టుకుని మా దేశంలో మంచు మీద జారుతాము" అన్నారు. దొరగారి మంచు మోకాలి లోతున గట్టిగా పడి ఉంటుందని ముసలయ్యకెలా తెలుస్తుంది? ఆయనెరిగిన మంచు పొద్దున్నే ఏటిని కమ్మేది, గడ్డిపరకల మీద నిలిచేది. మర్నాడు చెక్కలు కట్టుకుని ఆ మంచులోకి నడిచాడు. గట్టు అంచు కనపడక బురదలోకి దిగిపోయాడు. నడుం దాకా మింగే బురద ఆయన్ని మింగలేదు. సర్రున జారాడు.

"దొరగారు ఉన్నమాటే చెప్పారు!" అని అక్కడే స్తోత్రం చెప్పుకున్నాడు.

ఇంక ఆగలేదు. బూరుగు చెక్కతో జతలు జతలు చేసి, ముక్కులు పడవలా పైకి వంచి, అడుగున ఆముదం పట్టించి, గట్టు మీద పాక వేసి అద్దెకు పెట్టాడు. అద్దె గుప్పెడు గుల్లలు. కాని పాదం తాటాకుతో కొలవనిదే ఇచ్చేవాడు కాదు.

"నిన్ననే కొలిచారు కదా బాబాయ్!"

"నిన్నటిది నిన్నటి పాదమమ్మా. పెట్టు."

మంచు లేని రోజున ఇంకా కష్టం.

"ఇవాళ జారవమ్మా, మంచు లేదు."

"బురద ఉంది కదా బాబాయ్!"

"ఇవి బురద చెక్కలు కావు, మంచు చెక్కలు. దొరగారు తెలుగులోనే చెప్పారు."

ఆడవాళ్ళు బుట్టలు దించి దిగులుగా నిలబడేవారు. అప్పుడాయన వంగి, గడ్డి తడిమి, అరచెయ్యి చూసుకుని, "ఉందుంది, వెళ్ళండి" అనేవాడు. మండు వేసవిలో కూడా ఏదో ఒక ఆకు వెనక ఆయన చేతికి తడి తగిలేది. అందరికీ నవ్వే. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

ఒకనాడు మంచు మరీ దట్టంగా పట్టింది. బురదలో పొడుచుకుంటూ జారే గెడ పట్టుకున్న చెయ్యి అప్పాయమ్మకే కనపడలేదు. గుల్లలు బాగా దొరుకుతున్నాయని ఒక్కతే లోపలికి జారుకుంటూ పోయింది. తల ఎత్తేసరికి తోటివాళ్ళ మాటలు లేవు. తన చెక్కల జాడ చూసుకుంటూ వెనక్కి వద్దామంటే, ఆ జాడలోకి నీళ్ళు వచ్చి చేరుతున్నాయి. పోటు మొదలైంది. గట్టు ఎటుందో తెలియలేదు. ఎటు చూసినా ఒకటే తెలుపు.

"రత్నమాణిక్యం!"

దూరం నుంచి వచ్చింది పిలుపు. ఎడమ పక్కనుంచా, వెనకనుంచా? అప్పాయమ్మ గెడ ఆపింది. మంచులో పేరు పెట్టి పిలిస్తే పలకకూడదని, పిలిచేది మనిషి కాకపోవచ్చని, పలికితే ప్రాణం దాని వెంట పోతుందని చిన్నప్పట్నుంచీ విన్నదే. కాని అది తన పేరు కాదు కదా! తనది కాని పేరుకి పలికితే తనకేమవుతుంది?

"ఓయ్!" అంది.

పిలుపు ఠక్కున ఆగిపోయింది.

నీళ్ళు చెక్కల మీదకి వచ్చాయి. ఎక్కడో ఏదో దబ్బున పడిన చప్పుడు. చాలాసేపటికి, వణుకుతూ వచ్చింది ముసలయ్య గొంతు.

"ప్రభువా, ప్రభువా... ఎవరు తల్లీ నువ్వు? మనిషివో, మరొకటివో నాకు తెలీదు. ఎవరైతేనేం, పోటొస్తోంది. అక్కడుండకు. ఇటు రా తల్లీ, నా గొంతు పట్టుకుని ఇటు రా. నాకు భయమేస్తోంది, అయినా నువ్వు రా!"

ఆపకుండా పిలుస్తూనే ఉన్నాడు. అప్పాయమ్మ ఆ గొంతునే నమ్ముకుని గెడ వేసింది. మంచు విడి గట్టు కనపడేసరికి, ముసలయ్య గట్టు కింద బురదలో చతికిలబడి ఉన్నాడు. గుండెకి ఒక చెక్క అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"పాదాలు ముందుకే ఉన్నాయా?" అని అడిగాడు, కళ్ళు తెరవకుండా.

"మీ చెక్కల ముక్కులు ఎటుంటే అటే ఉన్నాయి బాబాయ్."

ముసలయ్య ఒక కన్ను తెరిచాడు. "అప్పాయమ్మా! నువ్వా? నా ప్రాణం పోయింది కదే!"

"మీరు రోజూ పిలిచే మనిషేగా! పలికితే అంత భయమేంటి? అసలెవరండీ ఆవిడ?"

"ఎవరూ కాదమ్మా." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "మొదట్లో మీ పేర్లే పిలిచేవాణ్ణి, గట్టు ఎటుందో మీకు తెలుస్తుందని. పేరు వినపడగానే దెయ్యమనుకుని మీరంతా ఇంకా లోపలికి పరిగెత్తేవారు. మీ అత్త అయితే చెవులు మూసుకుని మడ చెట్టెక్కింది. సరే, ఎవరికీ లేని పేరైతే ఎవరూ బెదరరు కదా అని, వెతికి వెతికి అది పెట్టాను."

అప్పాయమ్మకి నవ్వూ, ఇంకేదో కూడా కలిసి వచ్చాయి. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మరి ఒక్కసారికే అంత హడలిపోతే ఎలా బాబాయ్?"

"ఒక్కసారెక్కడ? రెండుసార్లు పలికావు. రెండోది మరీ అవతల నుంచి వచ్చింది. దానికే పడ్డాను."

"నేను పలికింది ఒక్కసారే."

ఇద్దరూ మంచు వైపు చూశారు. అందులో ఏదీ కదల్లేదు. పోటు నీరు గట్టుని నాకుతున్న చప్పుడు తప్ప ఏదీ వినపడలేదు.

ముసలయ్య మెల్లగా లేచాడు. పాకలోకి వెళ్ళి కొత్త జత ఒకటి తీసి, రెండు చెక్కలకీ ఆముదం పట్టించి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నాకో సాయం చేసి పెట్టాలమ్మా. రేపు లోపలికి వెళ్ళేటప్పుడు వీటిని ఆ చివరి మడ చెట్టుకి ఆనించి వచ్చెయ్యి. ఎవరో ఏమో, పాపం, ఇన్నాళ్ళూ ఉత్త కాళ్ళతో తిరుగుతోంది. కొలత తీసుకోలేదని చెప్పు. బిగుతుగా ఉంటే తెచ్చి మార్చుకోమను."