పదహారు ఫ్రేముల పెళ్లి

2023, మామిడికాయల కాలం. హోసూరు బస్టాండు వెనక సందులో, ఒక దర్జీ దుకాణం పక్కన నాకో చిన్న గది ఉంది. పాత సినిమా రీళ్లను, పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. అంతకుముందు కృష్ణగిరిలో ఒక టాకీసులో ఆపరేటర్‌ని. డిజిటల్ యంత్రాలు వచ్చాక అక్కడ రీళ్లతో పని లేకుండా పోయింది, నాతోనూ పోయింది. ఇక్కడ లైటు ఆర్పేసి పాత బొమ్మల మధ్య కూర్చుంటే బయట ఏ కాలం నడుస్తోందో నాకు గుర్తుండదు. మా ఆవిడ దీన్ని పని అనదు, పగటికల అంటుంది. కూలి గిట్టే పగటికల ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి!

ఆ రోజుల్లో వేప్పనపల్లి దగ్గరి పల్లె నుంచి మంజునాథ్ అనే అతను ఒక రేకు డబ్బా పట్టుకొచ్చాడు. మామిడితోట, నాలుగు గొర్రెలు ఉన్నవాడు. మనిషి పొట్టి, మాట పొడుగు. డబ్బా మూత తీయగానే పుల్లటి వాసన కొట్టింది. ఫిల్ము ముసలిదైపోతుంటే వచ్చే వాసన అది. లోపల మాటలు రాని కాలం నాటి సినిమా. మొదలంతా తెగిపోయింది కాబట్టి ఎవరు తీశారో, ఎవరు ఆడారో తెలియదు. వాళ్ల తాత చేత్తో తిప్పే ప్రొజెక్టరు పెట్టుకుని సంతల్లో దీన్ని గోడల మీద ఆడించేవాడట.

"కథేందప్పా?" అన్నాను.

"తాడిచెట్టంత పెండ్లికూతురు, జానెడు పెండ్లికొడుకు అన్నా. వీడు పీటెక్కి దండ వేయబోతాడు. ఆ యమ్మ పీట లాగేస్తాది, వీడు దబ్బున కింద పడతాడు. సంతంతా పొట్ట పట్టుకొని నవ్వేది. దీన్ని నా పెండ్లి రిసెప్షన్‌లో వేయల్ల."

ఎందుకయ్యా అంటే అసలు సంగతి బయటపడింది. అతనికి కుదిరిన అమ్మాయి కవిత, అతనికంటే తలెత్తు పొడుగు. హోసూరులోనే ఒక ఫ్యాక్టరీలో పని. నిశ్చితార్థంలో ఇతను మునివేళ్ల మీద లేచి ఆమె మెడలో దండ వేస్తుంటే ఎవరో ఫోనులో తీసి, వెక్కిరింపు పాట తగిలించి ఊరూరికీ పంపారు. ఫ్యాక్టరీలో ఆమె పక్కన పనిచేసేవాళ్ల ఫోన్లలోకీ వచ్చేసింది. అప్పటినుంచి ఆమె ఇతనితో సరిగా మాట్లాడటం లేదు. నిశ్చితార్థం చీర తిరిగి ఇచ్చేస్తానని ఇంట్లో చెప్పిందట. ఆదివారం రెండువైపుల పెద్దలూ కూర్చోబోతున్నారు.

"నవ్వేవాళ్లు ఎట్లైనా నవ్తారు కదన్నా. వాళ్లకంటే ముందు మనమే నవ్వేస్తే వాళ్ల నోరు మూతపడతాది. శనివారం ఆ పాపను ఈడికి పిలుచుకొని వస్తాను. ఇది చూస్తే మనసు తేలికవుతాది."

బొమ్మ చూపించి పెళ్లి నిలబెట్టుకుందామనుకునే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ముచ్చటేసింది, భయమూ వేసింది.

ఫిల్ము అంచున వరసగా ఉండే కన్నాలను పెర్ఫరేషన్లు అంటారు. సగం చిరిగి ఉన్నాయి. స్ప్లైసర్ అనే చిన్న కత్తెర పీట మీద తెగినచోటల్లా అతికించి, ఒక్కో బొమ్మనూ స్కాన్ చేశాను. ఇక మిగిలింది ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు కదలాలన్నది. మాటల సినిమాకు ఇరవై నాలుగు. మూకీలకు ఇంతని ఖాయం లేదు. కెమెరా తిప్పినవాడి చెయ్యి ఎంతంటే అంత. అందుకే నేను కింద పడే వస్తువులను చూస్తాను. ఈ బొమ్మలో దండలోంచి పూలరేకులు రాలుతున్నాయి. రేకులు రేకుల్లాగే రాలేదాకా వేగం తగ్గిస్తూ పోయాను. పదహారు దగ్గర ఆగింది.

శనివారం షిఫ్టు దిగి కవిత నేరుగా వచ్చింది. కూర్చున్నాక కూడా మెడ ఎత్తలేదు. "మా తాత తిప్పినట్టే వేయన్నా, బిరబిరా," అన్నాడు మంజునాథ్. నాకిష్టం లేకపోయినా వేశాను. గోడ మీద పెళ్లికూతురు పీట లాగేసింది, పెళ్లికొడుకు దబ్బున కింద పడ్డాడు, పురోహితుడు కోతిలా గెంతాడు. మంజునాథ్ ఒక్కడే నవ్వాడు.

కవిత లేచి నిలబడింది. "ఆ వీడియో చాల్లేదా నీకు? ఊరంతా కూర్చోబెట్టి పెద్ద తెర మీద చూపించల్లనా?"

"కూర్చోమ్మా," అన్నాను నేను. "ఇది ఆ బొమ్మ నడక కాదు. సంత చెదిరేలోగా ఇంకో ఆట వేసుకోవాలని ఈయన తాత తొందరగా తిప్పి ఉంటాడు. అసలుది చూసి పో."

పదహారుకు మార్చాను. గదిలో గాలి కూడా నెమ్మదించినట్టయింది. ఇప్పుడు పెళ్లికూతురు పీట లాగలేదు. చెయ్యి అందించింది. అతను ఆ చెయ్యి పట్టుకుని దిగుతూ కొంచెం తూలాడు. ఆమె ఆ పీట మీద తను కూర్చుంది. ఇప్పుడు అతను పొడుగయ్యాడు. అది నచ్చక అతను నేల మీద చతికిలబడ్డాడు. ఇందాక లాగేసినట్టు కనిపించిన ఆ పీటను ఆమె కాలితో పక్కకు తోసి, తనూ నేల మీదికి దిగింది. పురోహితుడు బుర్ర గోక్కుంటున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ, నవ్వాపుకుంటూ దండలు వేసుకున్నారు. రేకులు ఒడిలో ఒకటొకటిగా వాలుతున్నాయి. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన ఆ ఇద్దరూ మా దర్జీ పక్క గదిలో ఇప్పుడే పెళ్లి చేసుకుంటున్నట్టు ఉంది. నాకు కళ్లు తడిశాయి.

"ఇంగోసారి వేయన్నా," అంది కవిత.

రెండోసారి అయ్యాక మంజునాథ్ వైపు తిరిగింది. "ఆ పొద్దు నిశ్చితార్థంలో వాళ్లు నవ్తావుంటే నువ్వూ నవ్వినావు. ఎందుకు?"

"నేనూ నవ్వితే తొందరగా ఆపేస్తారని."

"వాళ్లు నవ్వినందుకు కాదు నాకు. నువ్వు నవ్వినావే, అప్పుడే నా మెడ ఒంగిపోయింది."

మంజునాథ్ ఆమె వైపు తిరిగి, "ఇంక నవ్వను కవితా," అన్నాడు.

"నవ్వొద్దని చెప్పలా. నేను నవ్వినప్పుడు నవ్వు."

తర్వాత నాతో, "దీన్ని రిసెప్షన్‌లో వేయొద్దన్నా. మా దగ్గరే ఉండనీ," అంది.

మరునాడు పెద్దలు కూర్చున్నారట. చీర ఊసు ఎవరూ ఎత్తలేదు. తాంబూలం వేసుకుని ముహూర్తం మాట్లాడి లేచారట.

ఎవరైనా రీలు తెచ్చి "ఇది భలే నవ్వులాట" అంటే ఇప్పుడు నేను వెంటనే తలూపను. ఆ బొమ్మలో ఉన్నది వెక్కిరింత అని మూడు తరాలు నమ్మాయి, సంత చెదిరేలోపు చూసేశాయి కాబట్టి. ఇద్దరు మనుషుల మధ్య ఉన్నదేమిటో చెప్పాలంటే ముందు వాళ్ల నడక వేగం ఎంతో తెలుసుకోవాలి. అది తెలిసేదాకా నేను నవ్వను.