బండి తోలడం రాని గ్రేస్ టీచర్

రేసు ముగించుకుని కారు షెడ్డులోకి రాగానే నేను చక్రాల దగ్గరికి వంగుతాను. వేడెక్కిన బ్రేకుల నుంచి కమురు వాసన వస్తుంది. పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం ప్రాణం లేచి వస్తుంది. అరకు నుంచి విశాఖపట్నం దిగే ఘాటు రోడ్డులో బస్సు ఆగిన చోటల్లా ఇదే వాసన వచ్చేది. ఆ వాసన వెంటే గ్రేస్ టీచర్ గుర్తుకొస్తారు, ముందు సీట్లో కళ్లు గట్టిగా మూసుకుని, ముక్కు దగ్గర నిమ్మకాయ పట్టుకుని.

మా కొండమీది మిషన్ హైస్కూల్లో ఆవిడ సైన్సు చెప్పేవారు. సొంతూరు భీమిలి. నన్ను రేసు కార్ల ఇంజనీరును చేసింది ఆవిడేనని నేనంటే, ఆవిడను ఎరిగినవాళ్లు పగలబడి నవ్వుతారు. ఆవిడకు సైకిలు తొక్కడం కూడా రాదు మరి. ఘాటు దిగేలోపు వాంతి చేసుకోకుండా ఒక్కసారీ ఊరు చేరలేదు. అయినా "బేగి పోనీ బాబూ, ఈ నరకమేదో బేగి అయిపోద్ది" అని డ్రైవర్ని తొందరపెట్టేవారు. అంత భయం, అంత తొందర ఒకే మనిషిలో ఉండటం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

క్రిస్మస్ మర్నాడు మిషన్ కాంపౌండు వాలులో పిల్లలం చెక్కబళ్ల పందేలు పెట్టుకునేవాళ్లం. పాత బేరింగులే వాటికి చక్రాలు. తొంభైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఆ యేటి పందేలన్నీ నేనే గెలిచాను. ఇక నా నోటికి పట్టపగ్గాల్లేవు. హాస్టలు టీవీలో ఒక ఆదివారం కార్ల రేసు చూసి ఉన్నాను కనుక, పెద్దయ్యాక ఆ కార్లు తోలేది నేనేనని అందరికీ చాటాను. టీచర్ అంతా విని, "సరే, ఇప్పుడు బళ్లు మార్సుకోండి" అన్నారు. ప్రతిసారీ ఆఖరున వచ్చే బుద్రుకి నా బండి ఇచ్చి, వాడిది నాకిచ్చారు. బుద్రు అందరికన్నా ముందు కిందికి చేరాడు. నేను మలుపులో తిరగబడి పక్క పొలంలోని గడ్డికుప్పలో తేలాను.

అందులోంచి లేవకుండానే ఏడుపందుకున్నాను. టీచర్ నవ్వాపుకోలేక ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూలబడ్డారు.

"ఏటే గుంటా, ఎందుకేడుత్తన్నావు?"

"బుద్రుగాడు గెలిసేసాడు టీచర్."

"ఏ బండి మీద గెలిసాడు?"

ముక్కు చీదుకుంటూ, వాలు కింద ఆగి ఉన్న నా బండి కేసి చూశాను.

"మీదున్నోడు మారినా ఆ బండే గెలిసింది గదే. మరి ఆ బండి సేసిందెవురు?"

కూర్చునే చెక్కను ఇరుసుల కిందికి ఎందుకు దించావని అడిగారు. సంతకు వెళ్లే జీపులు, టాపు మీద మూటలు పెరిగేకొద్దీ మలుపుల్లో ఎలా ఒరిగిపోతాయో చూశానని, అందుకే నా బరువు కిందికి దించుకున్నానని వెక్కుతూనే చెప్పాను. అంతకుముందు నన్నెవరూ అలాంటిది అడగలేదు. చెబుతూ చెబుతూ ఏడుపు మరిచిపోయాను. రేసులో తోలేవాళ్లే కాదు, కారును తీర్చిదిద్దేవాళ్లూ ఉంటారని, దానికి వేరే చదువుంటుందని మొదటిసారి ఆ గడ్డిలోనే విన్నాను.

ఆ చదువు పేరేమిటో మాత్రం ఆవిడకూ తెలియదు. ఇంటరయ్యి, ఎంట్రన్సులో ర్యాంకు వచ్చాక అదే పెద్ద చిక్కయి కూర్చుంది. కంప్యూటర్లు తీసుకోమని కనబడిన ప్రతివాళ్లూ సలహా. కొండ దిగకుండా టీచరు ట్రైనింగు చెయ్యమని మా అయ్య. ఆటోమొబైల్ అన్న పేరు చూసి అదే కావాలని నేను. తప్పు చదువులో పడితే రెండోసారి చదివించే శక్తి మా కాఫీ తోటకు లేదు. ఆ భయంతో నాకు అన్నం సయించేది కాదు. టీచర్ని అడిగితే, "నాకు తెల్దే. పద, సూసొద్దాం" అన్నారు. నా కోసం మళ్లీ ఘాటు దిగారు, నిమ్మకాయతో సహా.

ఆటోమొబైల్ ఉన్న ప్రైవేటు కాలేజీకి ముందు వెళ్లాం. తళతళలాడే ఇంజనొకటి అద్దాల పెట్టెలో ఉంది. ముట్టుకోరాదని బోర్డు. నేను మురిసిపోయాను. దాన్ని మీరెప్పుడైనా విప్పారా అని టీచర్ అక్కడి కుర్రాణ్ని అడిగితే, అది చూడటానికేనన్నాడు. తర్వాత యూనివర్సిటీకి తీసుకెళ్లారు. వర్కుషాపు వెనక మెకానికల్ విద్యార్థులు కొందరు ఇనపగొట్టాలు అతికి చిన్న కారు కడుతున్నారు. అది మలుపులో ఎందుకు జారుతోందని కొట్టుకునేంత పని చేస్తున్నారు. నేను తలదూర్చాను. ఒకతను పానా నా చేతికిచ్చాడు. రెండు బ్రాంచీలకూ మొదట చదివే పుస్తకాలు చాలావరకు ఒకటేనని, మెకానికల్ చదివి రేసు టీముల్లో చేరినవాళ్లు ఉన్నారని అతనే చెప్పాడు. సాయంత్రమైంది. టీచర్ ఇటుకల మీద కూర్చుని బన్ను తింటూ నన్నే చూస్తున్నారు.

"మెకానికల్లో కారన్న పేరే లేదు గదా టీచర్" అన్నాను.

"లేపోతే పోనీ. నీ సేతులు సూసుకో."

మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఒకవేళ రేసులవాళ్లు పిలవకపోయినా ఈ చదువుతో ఎక్కడైనా బతకొచ్చని కూడా అన్నారు. పిలవకపోవడమేమిటని ఆ మాటకు మూతి ముడుచుకున్నాను. మెకానికలే తీసుకున్నాను. సీట్లిచ్చే చోట ఒక పెద్దమనిషి, అమ్మాయివి, కంప్యూటర్లు తీసుకుని హాయిగా ఉండమన్నాడు. "ఈ గుంటకి హాయి పడదండి" అన్నారు టీచర్.

ఆవిడన్నట్టే రేసులవాళ్లు వెంటనే పిలవలేదు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ బతికాను, ఆ తర్వాతే కోయంబత్తూరులో ఒక చిన్న టీము తీసుకుంది. మా కారు మొదటిసారి గెలిచిన రోజు టీచర్‌కు ఫోన్ చేశాను. సంతోషం చెప్పబోయి ఫిర్యాదు చేశాను. మైకు ముందు మా డ్రైవరు వాళ్లమ్మ గురించి, వాన గురించి, ఆఖరికి పొద్దున తిన్న పొంగలి గురించి కూడా చెప్పాడు. బండి ఊసే ఎత్తలేదు.

ఆవిడ చాలాసేపు నవ్వారు.

"అంటే తోలినంతసేపూ బండి గురించి ఒక్కపాలి కూడా ఆలోసించక్కర్లేపోయింది వాడికి. నీ పని అదే గదే."

టీచర్ ఇప్పుడు లేరు. గెలిచిన ప్రతిసారీ ఆ నవ్వు వినాలనిపిస్తుంది, వినలేనని గుర్తొచ్చి బెంగగా ఉంటుంది. మొన్నటి రేసులో మా కారు తోలే కుర్రాడు మొదటివాడిగా వచ్చాడు. మైకు పట్టుకుని తన కొత్త హెల్మెట్టు రంగు గురించే మాట్లాడాడు. జనం వెనక నిలబడి ఒక్క ముక్క పోకుండా విన్నాను. గర్వంతో నాకు నవ్వాగలేదు.