ముక్కుపుడక, రెండు కాయిల్స్

తార్నాకలో ఈమధ్య ఇడ్లీ తినాలంటే నిలబడే తినాలి. కుర్చీలు తీసేసి ఛాతీ ఎత్తు బల్లలు వేశారు. మన వయసువాళ్లకు సాంబారు ఒలకకుండా నిలబడడమే ఒక వ్యాయామం. మొన్న ఆ వ్యాయామంలో ఉండగా, పక్కన ఇద్దరు విద్యార్థులు ఫోన్‌లో ఎవరో విదేశీయుడు రెండు మెటల్ డిటెక్టర్లతో ఇసుకలో నూకంత బంగారం వెతకడం చూస్తున్నారు. ఏ ఫ్రీక్వెన్సీకి ఏ కాయిల్, అంటే తీగచుట్ట, పలుకుతుందో ఆయన వివరిస్తుంటే నా ఇడ్లీ చల్లారిపోయింది.

చాలా ఏళ్ల కిందటి మాట. నేను అన్నయ్య ఇంట్లో ఉంటూ యూనివర్సిటీలో జియోఫిజిక్స్ పరిశోధన చేస్తున్న రోజులవి. క్యాంపస్ మైదానం మీదుగా బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లే మా వదిన ఒక పొద్దున ముక్కుపుడక పోగొట్టుకుంది. వాళ్లమ్మ పోయేముందు తన ముక్కు నుంచి తీసి కూతురికి పెట్టింది అదొక్కటే. ఎక్కడ తుమ్మి కొంగుతో ముక్కు తుడుచుకుందో ఆమెకు గుర్తుంది కాని, మర్నాడు ఆటల పోటీలకని అక్కడ రోలర్ తిప్పుతారట. వదిన ఏడవలేదు. మధ్యాహ్నం పప్పులో ఉప్పు వేయలేదు. ఆమె విషయంలో అదే ఏడుపు.

మా ల్యాబ్‌లో లోహాన్ని పసిగట్టే కాయిల్స్ రెండు ఉండేవి. ఒకటి సైకిల్ చక్రమంత, ఐదు కిలోహెర్ట్జ్‌ది. రెండోది మా వర్క్‌షాప్ మెకానిక్, మేమంతా ఉస్తాద్ అని పిలిచే పెద్దమనిషి, ఎంబ్రాయిడరీ ఫ్రేమ్ మీద చేత్తో చుట్టిన యాభై కిలోహెర్ట్జ్‌ది. నేను శాస్త్రీయంగా వదిన బంగారు గాజుతో రెండింటినీ పరీక్షించాను. పెద్దది మూరెడు లోతులోని గాజును కూడా పసిగట్టింది, కాబట్టి దాన్నే మోసుకెళ్లాను. భూగర్భంలో ఖనిజాలు వెతికే మాకు లోతంటే గౌరవం. గడ్డిలో పడి ఉన్నదాన్ని వెతకడం మా చదువులో లేదు. గంటసేపట్లో ఆరు సోడా మూతలు, ఒక మేకు, ఒక సైకిల్ బెల్లు కనిపెట్టాను.

ఉస్తాద్ టీ గ్లాసుతో వచ్చి, అది పూర్తయ్యేదాకా నా పరిశోధన చూశాడు.

“పోయింది ముక్కుపుడక. మీరు గాజుతోని టెస్టు చేసిన్రు. గిదేం లెక్క సార్?”

సైకిలెక్కి వారాసిగూడ వెళ్లి, భార్య ముక్కుపుడక అడిగి తెచ్చాడు. దాని మీద పెద్ద కాయిల్ మౌనవ్రతం పాటించింది, చిన్నది కీచురాయిలా పలికింది. అంత చిన్న తునకలో పుట్టే విద్యుత్తు పుట్టిన వెంటనే ఆరిపోతుంది, దాన్ని అందుకోవాలంటే కాయిల్ పంపే అలలు వేగంగా ఊగాలి. ఇది నాకు పుస్తకంలో తెలుసు, ఆయనకు చెవితో తెలుసు. తడి ఎర్రమట్టికి చిన్న కాయిల్ ఊరికే గోలపెడుతుంటే, సెన్సిటివిటీ తగ్గించి, నేలకు వేలెడెత్తులో పెట్టి, ఆ వయసులో మోకాళ్ల మీద అంగుళం అంగుళం పాకాడు. నాకు గోల తప్ప ఏమీ వినిపించడం లేదు. పొద్దు వాలుతుండగా ఆయన ఒక్కచోట ఆగి, వెనక్కి జరిగి, మళ్లీ విని, సైకిల్ పుల్లతో గడ్డి పాయ తీశాడు. అడుగున ముక్కుపుడక మెరిసింది.

మైదానం అంచున ఎదురుచూస్తున్న వదిన వచ్చి, దాన్ని తుడిచి పెట్టుకుంది. ఇంటికొచ్చి టీ తాగి వెళ్లమంటే, తన ఇంట్లో ఒక ముక్కు బోసిగా ఉందని ఉస్తాద్ వెళ్లిపోయాడు.

ఇప్పటి యంత్రాలు అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకేసారి పంపి, కింద ఉన్నదేమిటో తెర మీద అంకె వేసి చెబుతాయట. మంచిదే. మట్టి గోలలోంచి బంగారాన్ని విడదీసి వినగలిగిన చెవి మాత్రం నాకు మళ్లీ తారసపడలేదు.

ఆ రెండు కాయిల్స్ పోలికే నా థీసిస్‌లో నాలుగో అధ్యాయమైంది. పరీక్షకులు దాన్నే ఎక్కువ మెచ్చుకున్నారు. బైండు చేసిన ప్రతిని గర్వంగా ఇంటికి తెచ్చి వదిన చేతిలో పెట్టాను. ఆమె గ్రాఫులన్నీ దాటేసి, కృతజ్ఞతల పేజీ దగ్గర ఆగి, పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది.

“ఏమయ్యా, టైపు చేసినాయన పేరుంది. గడ్డిలో పాకినాయన పేరు లేదేం?”