తనిగుచి అడిగిన ‘ఎందుకు’

కోవిల్‌పట్టి దగ్గర రామకృష్ణన్ పవర్‌లూమ్ షెడ్డులో పట్టమ్మాళ్ ఇరవై రెండేళ్ళు తువ్వాళ్ళు మడిచింది. తెగిన పోగు ఆమె కంటికన్నా ముందు వేలికి తెలిసేది. మగ్గాల మోత ఆమెకు వాన. ఆ వాన లేని ఆదివారాలు నిద్ర పట్టేది కాదు.

జపాన్‌కు పంపిన తువ్వాళ్ళు నూనె మరకలతో తిరిగొచ్చాయి. ఆ మరకల్ని ఆమె ముందే చూసింది, చెప్పింది కూడా. అయినా రామకృష్ణన్ ఆమెను గేటు దగ్గర నిలబెట్టి, అందరూ వింటుండగా, “దీనికి కండ్లు పోయినాయి. ఇంక రావద్దు,” అన్నాడు. ఆ మాట విరుదునగర్ దాకా పాకింది. ఏ షెడ్డూ ఆమెను చేర్చుకోలేదు. తొమ్మిది రోజులు ప్రతి మెతుకులో ఆమె అతని ముఖాన్ని నమిలింది.

పదో రోజు ఆ సరుకు కొన్న తనిగుచి జపాన్ నుంచి వచ్చాడు. వెంట మధురై అమ్మాయి సత్యప్రియ దుబాసీగా వచ్చింది.

“తప్పు చేసినదాన్ని ఆ రోజే పంపించేశాను,” అన్నాడు రామకృష్ణన్, మెచ్చుకుంటాడనుకుని.

తనిగుచి రాయడం ఆపేశాడు. “ఆమే లేకపోతే మరక ఎలా పడిందో ఎవరు చెబుతారు? ఆమెను కలవాలి.”

రామకృష్ణన్ కారు పట్టమ్మాళ్ వాకిట ఆగింది.

“ముదలాళి రమ్మన్నారక్కా,” అని యజమాని మాట చెప్పాడు డ్రైవర్ మారిముత్తు.

“తింటా ఉండా. నువ్వు నీడకి రా. కారు ఎండలోనే ఉండనీ.”

ఆమె మజ్జిగన్నం రెండోసారి వడ్డించుకుంది.

షెడ్డులో మగ్గాలు ఆపేశారు. పనివాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. రామకృష్ణన్ ఎదురొచ్చి, దుబాసీకి తెలియని, తమ ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగులో గొణిగాడు. “చిన్నమ్మా, మగ్గం సంగతి చెప్పాకు. రేపే పనికి రా.”

“గేటుకాడ నేను చిన్నమ్మ కాదా?”

“మనింటి మాట మనలో ఉండనీ.”

“దాన్ని ఈదిలోకి ఇడిసింది నువ్వే నాయనా.”

తొమ్మిది రోజులుగా నూరిన పేరు ఆమె నాలుక మీద సిద్ధంగా ఉంది. కానీ తనిగుచి తప్పు ఎవరిదని అడగలేదు. మరక ఎందుకు పడిందని అడిగాడు.

అందరికీ వినబడేలా ఆమె తమిళంలో చెప్పింది. “ఏడో మగ్గం నూనె కారుతోంది.”

“ఎందుకు?”

“వాషరు అరిగిపోయింది.”

“ఎందుకు మార్చలేదు?”

“అడిగాం. మగ్గం ఆపితే మీ సరుకు ఆలస్యమవుతుందన్నారు.”

“ఆలస్యమవుతుందని మాకెందుకు చెప్పలేదు?”

పట్టమ్మాళ్ చేతులు కట్టుకుంది. “అది నాకు తెలీదయ్యా.” మెల్లగా రామకృష్ణన్ వైపు తల తిప్పింది. ఆమెతోపాటు షెడ్డులోని తలలన్నీ తిరిగాయి.

తనిగుచి ఓపిగ్గా ఎదురుచూశాడు. రామకృష్ణన్ నవ్వబోయాడు. కాఫీ తెప్పిస్తానన్నాడు. ఎవరూ కదల్లేదు. చివరికి నేల చూస్తూ అన్నాడు: “తప్పు నాది. ఆమెది కాదు.”

పట్టమ్మాళ్ ఇంటి తెలుగులోనే, ఎంతో మెత్తగా అంది:

“ఇంకొంచెం గట్టిగా చెప్పు నాయనా. గేటుకాడ ఉండేవాళ్ళకి వినబళ్ళా.”