అమ్మమ్మకు మిగిలిన మాటలు

డెబ్బైల్లో నేను విజయవాడలో బియ్యెస్సీ చదువుతుండగా, పామర్రులో ఉండే మా అమ్మమ్మకు మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి చెయ్యీ కాలూ బాగానే ఆడుతున్నాయి. నడుస్తోంది, మాట్లాడుతోంది. పేర్లు మాత్రం పోయాయి.

సెలవులకు వెళ్ళిన నాకు అదొక వింత. చెంబు చూపిస్తే కాసేపు దాన్నే చూసి, "ముంచుతాం... పోసుకుంటాం..." అనేది. దువ్వెన చూపిస్తే, "దువ్వుతాం" అనేది. నేను "దువ్వెన" అని అందిస్తే, "ఆఁ, అదే" అని మెచ్చుకోలుగా తలూపేది. మరుక్షణం అడిగితే మళ్ళీ "దువ్వుతాం". ఆ మాట దాకా వచ్చిన మనిషి దువ్వెన దాకా రాలేకపోవడం ఏమిటి? రెండూ పక్కపక్క మాటలే కదా! ఇల్లంతా తిరిగి కత్తిపీట, జల్లెడ, విసనకర్ర ఏరుకొచ్చి ఆవిడ ముందు పెట్టేదాన్ని.

"అమ్మ ప్రాణాలు తోడకే. మీ కాలేజీలో కప్పలు అయిపోయాయా?" అని కసిరింది మా అమ్మ. నేను వింటేనా!

ఊళ్ళో డాక్టరుగారు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి చూసేవారు. "పేర్లు ఒకచోటా, చేసే పనులు ఒకచోటా ఉంటాయాండీ బుర్రలో?" అని ఆయన్నే అడిగాను.

"అన్నీ ఒకే అల్మరాలో అయితే ఉండవమ్మా. దారులు వేరనుకుంటున్నారు. గట్టిగా ఎవరికీ తెలీదు" అన్నారు. ఎవరికీ తెలీదన్న మాట నాకు భలే నచ్చింది.

తాతయ్య బెంగ వేరు. అమ్మమ్మ మమ్మల్ని పేరు పెట్టి పిలవలేకపోయినా నా జడ పట్టుకుని లాగేది, అమ్మ చెంప నిమిరేది. మేమెవరమో ఆవిడకు తెలుసునని మాకు ధైర్యం. తాతయ్యను మాత్రం ఆవిడ ఏనాడూ పేరుతో పిలవలేదు. మొగుడి పేరు పలకడం మా ఇళ్ళలో తప్పు. నలుగురిలో తాకడం అసలే లేదు. పెళ్ళయిన నాటి నుంచీ, "వచ్చారా? కూర్చోండి. తినండి." అంతే. ఇప్పుడు డాక్టరుగారు వచ్చినా అవే మాటలు.

"నన్ను కూడా ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుంటోందేమోనే" అన్నాడు తాతయ్య ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని. ఆయన గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. ఇన్ని వస్తువులు చూపించి అడిగానే గాని, ఈ సంగతి ఎలా అడగాలో నాకు తోచలేదు.

డాక్టరుగారు మళ్ళీ వచ్చినరోజు బందరు లడ్డూలు పెట్టాం. అమ్మమ్మ పళ్ళెం ఆయన వైపు జరిపి, "తినండి. ఇంకా తీసుకోండి" అంది పొందిగ్గా. ఆ మర్యాదల్లో సందు చూసుకుని తాతయ్య కూడా ఒకటి అందుకున్నాడు. ఆయనకు షుగరు. తను జబ్బు పడేదాకా ఆయన తీపి ముట్టకుండా కాపలా కాసింది అమ్మమ్మే.

లడ్డూ నోటి దాకా వెళ్ళిందో లేదో, ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది.

"పెట్టెయ్యండి! చూడ్డం లేదనుకుంటున్నారా? చెప్పీ చెప్పీ చస్తున్నాను!"

డాక్టరుగారు చేతిలో ఉన్న రెండో లడ్డూ తినాలో మానాలో తెలియక అలాగే పట్టుకుని ఉన్నారు. తాతయ్య తన లడ్డూను బుద్ధిగా పళ్ళెంలో పెట్టేశాడు. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. దెబ్బ తిన్న చెయ్యి డాక్టరుగారి ముందుకు చాపాడు.

"చూశారాండీ? మిమ్మల్ని తినమంది. నన్ను కొట్టింది!"