టర్బోకు కట్టిన బంతిపూలు
సూర్యాపేట మెకానిక్ మల్సూర్, డ్రైవర్ దయాకర్ లారీకి పెద్ద టర్బో బిగించి, పొగ వేడి చూపే మీటరు కూడా పెట్టాడు. మిర్యాలగూడలో బియ్యం ఎత్తుకున్న లారీ కోదాడ చేరేలోపే ముల్లు ఎర్రగీత తాకింది. పిస్టన్లు కరిగితే ఇంజనుతోపాటు మల్సూర్ చేతిపనికున్న పేరూ పోతుంది. దయాకర్ ఫోన్ రాగానే అతను బైకెక్కాడు.

పైపుల్లో లీకు లేదు. డీజిల్ సెట్టింగు సరిగానే ఉంది. లారీ ముందుకొచ్చి ఆగిపోయాడు. ముందు జాలీ మొత్తం బంతిపూల దండలే. దాని వెనక, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు బయటి గాలే తగలడం లేదు.

“గిన్ని దండలేంది తమ్మీ? ఇంజన్‌కు ఊపిరాడొద్దా?”

“కొత్త టర్బో కదన్నా, జర గట్టిగ పూజ చేసిన.”

దండలు తీసి, లోడుతోనే హైవే ఎక్కారు. ముల్లు మెల్లగా దిగింది. అప్పుడుగానీ మల్సూర్ సీటుకు వీపు ఆనించలేదు.

“ఈసారి కొబ్బరికాయతోని ఆపు” అన్నాడు నవ్వుతూ.