వినడానికి వెళ్ళేసరికి

సహోదరులారా, సహోదరీలారా, నా గొంతు ఇలా గరగరలాడుతుంటే మైకు పాడైందని అటు చూడకండి, మైకు బాగానే ఉంది, పాడైంది నా గొంతే. ఈ గొంతుతో నలుగురి ముందు నిలబడాల్సి వస్తుందని ఒకప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే తలుపేసుకుని ఏడ్చేదాన్ని, ఏడాది పాటు చేసింది కూడా అదే! ఈ రోజు నన్ను ఇక్కడ నిలబెట్టినవాడు దేవుడు, ఆయనకే మహిమ.

మాది తణుకు దగ్గర ఒక పల్లె. చిన్నప్పటి నుంచీ మందిరంలో పాటంటే నేనే, ఉజ్జీవ కూటాలు పెడితే పక్క ఊళ్ళవాళ్ళు సైకిళ్ళేసుకొచ్చి మా నాన్నగారిని అడిగి మరీ నన్ను తీసుకెళ్ళేవారు. "దేవుడు నీకు పాట తలాంతు ఇచ్చాడమ్మా, నువ్వు పుట్టిందే ఇందుకు" అని మా పాస్టరయ్యగారు తల మీద చెయ్యి పెట్టి అన్న మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. పెళ్ళయ్యి, మా వారికి హైదరాబాదు బదిలీ అయ్యి, శేరిలింగంపల్లిలో ఒక మేడ మీద కిరాయికి దిగాక కూడా ఆ గర్వం నన్ను వదల్లేదు. అప్పట్లో మాదాపూర్ వైపు బండలు పేల్చి కంప్యూటర్ ఆఫీసుల కోసం పెద్ద పెద్ద మేడలు లేపుతున్నారు, ఎవరి నోట విన్నా టాలెంటు మాటే, నా టాలెంటు నాకుందిలే అని లోలోపల మురిసిపోయేదాన్ని. పొద్దున్నే బట్టలుతుకుతూ పాడానంటే వీధి చివరి దాకా వినపడేది!

అంతలో మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ తప్పదన్నారు, గొంతు మారిపోయే ప్రమాదం ఉందని డాక్టరుగారు ముందే చెప్పారు, ఆయన తప్పేమీ లేదు. గడ్డ పోయింది, ప్రాణం దక్కింది, పాట మాత్రం పోయింది. ఎన్ని నెలలు గడిచినా ఇదిగో, ఈ బొంగురు గొంతే మిగిలింది. ఇక్కడి సంఘంలో కూడా ఆరాధనకు నేనే పాడేదాన్ని, నా చోట వేరే అమ్మాయి నిలబడి పాడుతుంటే వినలేక ఆదివారాలు మానేశాను, వంట చేయడం, పడుకోవడం, గోడకేసి చూడడం, అంతే. "ప్రభువా, ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నావు, పాట లేకపోతే నేనెందుకు? నన్ను కూడా తీసుకుపో!" అని ప్రార్థించేదాన్ని. దాన్ని ప్రార్థన అనాలో, దేవుడితో పోట్లాట అనాలో నాకు తెలియదు.

మా ఇంటావిడ మల్లమ్మగారు. తరతరాలుగా ఆ ఊరివాళ్ళే, పొలం అమ్మేశారు, బర్రెల్ని అమ్మేశారు, కొడుకూ కోడలూ తెల్లారగానే పనుల మీద వెళ్ళిపోతే ఆమె ఒక్కతే కింద అరుగు మీద కూర్చునేది. మన విశ్వాసం కాదు, అయినా నా పాటంటే ఆమెకు ఇష్టమని తరువాత తెలిసింది. ఒకరోజు మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏం బిడ్డా, పాడుడు బందు వెట్టినవ్? నీ పాట ఇనకపోతే నాకు చాయ్ తాగబుద్ధి అయితలేదు" అంది.

"గొంతు పోయిందండి. ఇంక నేనెందుకూ పనికిరాను" అన్నాను.

"గొంతు పోతే పోయింది తియ్, చెవులున్నయి గదా! జర కిందికొచ్చి కూసో. నీతోని ఒక ముచ్చట చెప్పాలె."

"రేపు వస్తానండి" అన్నాను. అంత దూరం మెట్లెక్కి వచ్చిన మనిషిని కూర్చోమని కూడా అనలేదు! ఆ తరువాత కూడా ఆమె కింది నుంచి "ఇయ్యాలన్న వస్తవా బిడ్డా?" అని పిలవడం, నేను రేపనడం. పెద్ద పెద్ద కూటాల్లో పాడినదాన్ని, ఒక ముసలామె బర్రెల కబుర్లు వినడానికా దేవుడు నన్ను పుట్టించింది అనుకున్నాను. నా జీవితానికి అర్థమేంటో చెప్పమని దేవుణ్ణి అడిగి అడిగి విసిగిపోయాను గాని, అరుగు మీద నుంచి వచ్చే పిలుపు మాత్రం నా చెవిన పడలేదు.

ఒక పొద్దున కింద ఏడుపులు వినిపించాయి. ఆటోలో మల్లమ్మగారిని దవాఖానకు తీసుకుపోయారు, పక్షవాతం. ఇంటికి తెచ్చారు గాని కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. అప్పుడు దిగాను మెట్లు! వెళ్ళి మంచం పక్కన కూర్చుంటే ఆమె ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. మంచినీళ్ళా అన్నాను, కాదంది తలతో. కొడుకును పిలవనా అన్నాను, కాదు. ఆమెకు మాట ఉన్నన్నాళ్ళూ నాకు తీరిక లేకపోయింది సహోదరీలారా, నేను తీరిక చేసుకుని వెళ్ళేసరికి ఆమెకు మాట లేదు.

ఆ మంచం దగ్గరే మోకరించి, "తండ్రీ, నా గొంతు నాకు వద్దు, ఈమెకు మాట ఇయ్యి, నేను వింటాను, ఎంతసేపైనా వింటాను!" అని ఏడ్చాను. ఏడాదిలో నేను ఇంకొకరి కోసం చేసిన మొదటి ప్రార్థన అదే. ఆమెకు మాట రాలేదు. కాని నా గుండె మీద ఉన్న బరువేదో ఆ క్షణమే దిగిపోయింది, చావాలన్న తలంపు మళ్ళీ నా దగ్గరకు రాలేదు, హల్లెలూయా! రోజూ మధ్యాహ్నం వెళ్ళి గంజి తాగించి, ఈ బొంగురు గొంతుతోనే పాడేదాన్ని, ఆమె కళ్ళు మూసుకుని వినేది. క్రిస్మస్ ముందు ఆమె కన్నుమూసింది.

దినాలు అయిపోయాక ఆమె కోడలు పైకి వచ్చి నా ముందు కూర్చుని మాట్లాడింది, పొద్దుపోయేదాకా మాట్లాడింది, నేను ఊ కొడుతూ విన్నాను. ఆదివారాలు మళ్ళీ మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాను. తరువాత మియాపూర్ హాస్టల్లో ఉంటూ కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒకమ్మాయి సంఘం నుంచి వచ్చింది, ఇంటి మీద బెంగతో ఏడ్చి వెళ్ళింది, మరో ఇద్దరిని వెంట తెచ్చింది. ఇప్పుడు ఆరాధన అయ్యాక నేను వెనక బల్ల మీద కూర్చుంటాను, ఎవరికి మనసు బరువుగా ఉంటే వాళ్ళు వస్తారు. దేవుడు నన్ను పుట్టించింది ఇందుకని ఇన్నేళ్ళకు తెలిసింది, ఆయనకు స్తోత్రం.

నేనెందుకు బతుకుతున్నానని కుమిలిపోతున్నవారు ఎవరైనా ఇక్కడ ఉంటే, ఆయనను నమ్మండి, ఆయన చూపిస్తాడు. మీ పక్కింటివాళ్ళు పిలిస్తే మాత్రం ఆ పూటే వెళ్ళండి. మల్లమ్మగారు నాకు చెప్పాలనుకున్న ముచ్చట ఏమిటో ఆమె కొడుకుని అడిగాను, కోడలిని అడిగాను, ఎవరికీ తెలియదు. ఈ లోకంలో నాకు అది ఇక తెలియదు.